గుంటూరు మిర్చి గుంటూరుదేనా?

ఈ వారం కాలమ్ చదివే ముందు ఒక చిన్న పని చేయండి. లేచి వెళ్ళి మీ వంటింటి అలమర తెరవండి. బొంబాయి రవ్వ ఉంటుంది. కాబూలీ శనగలు ఉంటాయి. గుంటూరు కారం సీసా ఉంటుంది. ఎండాకాలం అయితే ఏదో ఒక మూల గడ్డిలో బంగినపల్లి కాయలు మాగుతూ ఉంటాయి. కూరగాయల బుట్టలో బెంగళూరు వంకాయ ఉన్నా ఉండొచ్చు. సాయంత్రం అలా వీధిలోకి వెళ్తే మైసూర్ బజ్జీ, ఇరానీ చాయ్. ఎక్కడికీ కదలకుండానే ఇన్ని ఊళ్ళు, ఇన్ని దేశాలు మన చేతికి అందుతున్నాయి.

ఇప్పుడు ఒక్కోదాని ముందు ఆగి ఒకే ప్రశ్న అడగండి: ఇది నిజంగా అక్కణ్ణుంచే వచ్చిందా?

బొంబాయి రవ్వ పక్క ఊరి మిల్లులో ఆడించిందే అయ్యుండొచ్చు. కాబూలీ శనగలు మన ప్రకాశం జిల్లా రైతులు కూడా పండిస్తున్నారు. బెంగళూరు వంకాయ పుట్టిల్లు మెక్సికో వైపు. పైగా అది వంకాయే కాదు, సొరకాయ, దోసకాయల కుటుంబానికి చెందిన కాయ. మైసూర్ బజ్జీని కర్ణాటకలో అడిగితే మంగళూరు బజ్జీ అంటారు. ఇరానీ చాయ్‌లో ఇరాన్ టీ పొడి ఏమీ ఉండదు. ఇరాన్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు హైదరాబాద్‌లో హోటళ్ళు పెట్టాయి కాబట్టి ఆ చాయ్‌కి ఆ పేరు.

అంటే మనం అబద్ధం చెబుతున్నట్టా? కాదు. ఊరి పేరు విశేషణం అయినప్పుడు దాని అర్థం మారిపోతుంది. ఎలా మారుతుందో, అది ఎక్కడ ముచ్చటగా ఉంటుందో, ఎక్కడ ఒకరి కడుపు కొడుతుందో, ఎక్కడ మనసు గాయపరుస్తుందో ఈ వారం చూద్దాం.

ఒక మాట, మూడు అర్థాలు

బళ్ళో తెలుగు మాస్టారు విశేషణం గురించి ఏం చెప్పారు? నామవాచకం గుణాన్ని తెలిపేది అని. తెల్ల ఆవు అంటే తెలుపు కంటికి కనిపిస్తుంది. పుల్లటి మామిడి అంటే నాలుకకు తెలుస్తుంది. మరి ఒంగోలు గిత్త అంటే? గిత్త ఒంటి మీద ఒంగోలు ఎక్కడా రాసి ఉండదు. ఊరు గుణం కాదు, చోటు. ఆ చోటు పేరుని తీసుకొచ్చి వస్తువు ముందు పెడితే, ఆ రెండిటికీ సంబంధం ఏంటో మనమే ఊహించుకోవాలి.

నేను కోడ్ రాసుకుని బతికేవాణ్ణి కాబట్టి నాకు ఇది ఇలా కనిపిస్తుంది: ఒకే గడిలో మూడు రకాల సమాచారం నింపేస్తున్నాం. ఒకటి, అక్కడ పుట్టింది. రెండు, అక్కడ అమ్ముడైంది. మూడు, అక్కడిదాని లాంటిది.

గుంటూరు మిర్చినే తీసుకోండి. గుంటూరు జిల్లా పొలంలో పండిన కాయ గుంటూరు మిర్చే, సందేహం లేదు. కానీ గుంటూరు మిర్చి యార్డుకి పల్నాడు, ప్రకాశం, కర్నూలు వైపు నుంచి, పక్క రాష్ట్రాల నుంచి కూడా టిక్కీలు వస్తాయి. అక్కడ వేలం పాడి, లారీ ఎక్కి, ఏ ఢిల్లీకో చేరేసరికి అదంతా గుంటూరు మిర్చే. ఇది రెండో అర్థం. ఇక గుంటూరు సన్నం అనేది ఒక రకం పేరు. ఆ రకం ఖమ్మం, వరంగల్ చేలల్లోనూ పండుతుంది. ఇది మూడో అర్థం. ఇంకొంచెం ముందుకెళ్తే, ముక్కు మీద కోపం ఉన్న మనిషిని కూడా గుంటూరు కారం అంటాం. అక్కడ ఊరూ లేదు, మిరపకాయా లేదు, ఘాటు ఒక్కటే మిగిలింది.

ఈ మూడు మెట్లూ దిగిన పేర్లలో అన్నిటికంటే పెద్ద పేరు గోల్కొండ. గోల్కొండ వజ్రం అని ప్రపంచమంతా అంటుంది. గోల్కొండ కోటలో వజ్రాల గని ఏదీ లేదు. గనులు కృష్ణా నది ఒడ్డున కొల్లూరు, పరిటాల లాంటి చోట్ల ఉండేవి. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కొల్లూరు గని చూసి, అది గోల్కొండకు ఏడు రోజుల ప్రయాణమనీ, అక్కడ దాదాపు 60 వేల మంది పనిచేస్తున్నారనీ రాశాడు. కోహినూర్ కూడా కొల్లూరుదేనని చాలామంది చెబుతారు. వజ్రం దొరికింది కొల్లూరులో, బేరం జరిగింది గోల్కొండలో. పేరు బేరం జరిగిన చోటుకి దక్కింది.

కథ అక్కడితో ఆగలేదు. ఇవాళ వజ్రాల వేలంపాటల్లో, నత్రజని దాదాపు లేకుండా నీళ్ళలా తేటగా ఉండే ఒక తరగతి వజ్రాలని మెచ్చుకోవడానికి గోల్కొండ అనే మాట వాడతారు. అంటే ఊరు కాస్తా నాణ్యత అయింది. మరి కొల్లూరు ఏమైంది? పులిచింతల ప్రాజెక్టు ముంపు గ్రామాల్లో కలిసిపోయింది. పేరు పోయింది, ఊరూ పోయింది.

ఇలాంటిదే ఇంకోటి. ఒంగోలు జాతి పశువులు 19వ శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ వెళ్ళాయి. అక్కడ వాటిని ఏమంటారో తెలుసా? నెలోర్. మన నెల్లూరే. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది మరి. ఇవాళ బ్రెజిల్ మాంసపు పశువుల మందల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతి, దాని సంకరాలే. ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఆవుగా గిన్నిస్ రికార్డుకెక్కిన వియాటినా-19 నెలోర్ ఆవే. దాని విలువ 40 లక్షల డాలర్లకు పైనే కట్టారు. ఆ ఆవు నెల్లూరు చూడలేదు, ఒంగోలు చూడలేదు. కానీ అక్కడి పశువుల సంతలో నెలోర్ అంటే అందరికీ అర్థమవుతుంది: మూపురం, తెల్లటి ఒళ్ళు, ఎండని తట్టుకునే శక్తి.

తోక చెప్పే రహస్యం

ఇంగ్లీషులో ఊరి పేరుని విశేషణం చేయాలంటే దానికో తోక తగిలిస్తారు. ఇండియాకి ఇండియన్, జపాన్‌కి జపనీస్. ఏ పేరుకి ఏ తోకో బట్టీ పట్టాల్సిందే. తెలుగులో ఆ బాధ లేదు. ఊరి పేరు తీసుకుని వస్తువు పేరు ముందు పెట్టేస్తాం, పని అయిపోతుంది. కొండపల్లి బొమ్మ, తాపేశ్వరం కాజా, నిర్మల్ పెయింటింగ్, వెంకటగిరి చీర. మహా అయితే చివర చిన్న మార్పు: పల్నాడు పల్నాటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది. చిన్నయసూరి వ్యాకరణంలో వీటికి ఔపవిభక్తికాలు అని పెద్ద పేరుంది. పేరుకి భయపడకండి. పల్నాటి యుద్ధం అన్న ప్రతిసారీ మీరు వాటిని వాడుతూనే ఉన్నారు.

కానీ తోకలున్న పేర్లు కూడా మన నోట్లో చాలానే ఉన్నాయి. అవి పక్క భాషల నుంచి వచ్చాయి: సంస్కృతం నుంచి ఈయ, ఉర్దూ నుంచి ఈ, ఇంగ్లీషు నుంచి ఈస్, అన్. వీటిని వరసగా పెట్టి చూస్తుంటే నాకు ఒక పద్ధతి కనిపించింది. మీరూ చూడండి.

చైనా ఫోన్ అంటే చైనాలో తయారైన ఫోన్. చైనీస్ నూడుల్స్ అంటే మన వీధి చివర బండి మీద మనవాడే చేసిన నూడుల్స్. పంజాబ్ గోధుమలు అంటే పంజాబ్‌లో పండినవి. పంజాబీ డ్రెస్ తెనాలిలో కుట్టించుకున్నా పంజాబీ డ్రెస్సే. బెంగాల్ పత్రిక బెంగాల్‌లో అచ్చవుతుంది. బెంగాలీ స్వీట్ విజయవాడలో తయారవుతుంది. హైదరాబాద్ బస్సు అంటే హైదరాబాద్ వెళ్ళేదో, అక్కణ్ణుంచి వచ్చేదో. హైదరాబాదీ బిర్యానీ అమెరికాలో న్యూజెర్సీలో తిన్నా హైదరాబాదీ బిర్యానీయే.

సంస్కృతం తోక కూడా సాధారణంగా ఇదే దారి. భారత ప్రభుత్వం, భారత సైన్యం, భారత జట్టు అంటాం. భారతీయ సంగీతం, భారతీయ సంస్కృతి, భారతీయ వంటలు అంటాం. మొదటి వరస దేశానికి చెందినవి. రెండో వరస ఒక పద్ధతికి, ఒక తీరుకి చెందినవి. బ్యాంకులు, పార్టీల పేర్లలో ఈ నియమం తప్పుతుంది, నిజమే. అవి ఎవరో కూర్చుని పెట్టుకున్న పేర్లు. జనం నోట్లో సహజంగా తయారైన మాటల్లో మాత్రం తేడా చాలావరకు నిలబడుతుంది.

అంటే తోక లేని పేరు ఎక్కువగా ఎక్కడిది అనే ప్రశ్నకి జవాబు చెబుతుంది. తోక ఉన్న పేరు ఎలాంటిది అనే ప్రశ్నకి చెబుతుంది. ఎవరూ నేర్పకుండానే మనం ఈ రెండిటినీ వేరుగా వాడుతున్నాం.

బాగానే ఉంది. మరి అసలు చిక్కు ఎక్కడ? మన సొంత ఊళ్ళకి ఈ తోకలు అంటవు. హైదరాబాదీ అనగలం, పోచంపల్లీ అని దీర్ఘం తీయలేం. గద్వాలీయ చీర అంటే నవ్వుతారు. మన ఊళ్ళ పేర్లకి ఒక్కటే రూపం. అక్కడ పుట్టినదానికీ అదే, అక్కడిదాని లాంటిదానికీ అదే. చెప్పేవాడు ఒక అర్థంతో చెబుతాడు, వినేవాడు ఇంకో అర్థంతో కొంటాడు. ఈ సందులోనే వ్యాపారం దూరుతుంది.

499 రూపాయల పోచంపల్లి

నేను కొన్నాళ్ళు ఒక ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో కేటలాగ్ పని చేశాను. పేరు అనవసరం. అమ్మేవాళ్ళు తమ సరుకు వివరాలు నింపే ఫారం ఒకటి ఉండేది. అందులో తయారైన చోటు అని ఒక గడి, డిజైన్ రకం అని ఇంకో గడి, పైన టైటిల్. చీరల విభాగంలో డేటా చూస్తుంటే ఒకే రకం వరసలు మళ్ళీ మళ్ళీ కనిపించేవి. టైటిల్‌లో పోచంపల్లి సిల్క్ చీర అని ఉంటుంది. ధర 499. తయారైన చోటు గడిలో ఇంకేదో రాష్ట్రం. బట్ట పాలిస్టర్. డిజైన్ అచ్చు వేసింది.

మా టీమ్‌లో ఇద్దరం ఒక ప్రతిపాదన పెట్టాం. తయారైన చోటు వేరే అయితే టైటిల్‌లో పోచంపల్లి పక్కన తరహా అనే మాట దానంతటదే చేరాలి. పోచంపల్లి తరహా చీర. ఒక్క మాట, అంతే. మీటింగ్‌లో వచ్చిన జవాబు ఏంటంటే, అలా రాస్తే క్లిక్‌లు తగ్గుతాయి అని. నిజమే, తగ్గుతాయి. ఎందుకు తగ్గుతాయో ఆలోచిస్తే ఆ మాట విలువ తెలుస్తుంది. కొనేవాళ్ళు డబ్బిచ్చేది ఆ గళ్ళ డిజైన్‌కి మాత్రమే కాదు, ఆ ఊరికి కూడా. ప్రతిపాదన అక్కడే ఆగిపోయింది. కొన్నాళ్ళకి నేను వేరే ఉద్యోగానికి మారాను.

ఆ ఊరు ఏం చేస్తుందో తెలియకపోతే ఇదంతా చాదస్తంలా కనిపించొచ్చు. అందుకే కాస్త చెబుతాను. అచ్చు చీరలో ముందు బట్ట తయారవుతుంది, తర్వాత దాని మీద రంగు పడుతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో ముందు నూలుకే రంగు. ఏ పోగులో ఏ చోట ఏ రంగు రావాలో లెక్క కట్టి, మిగతా చోట రంగు అంటకుండా గట్టిగా కట్లు కట్టి, ముంచి, ఆరబెట్టి, మళ్ళీ వేరే చోట కట్టి, మళ్ళీ ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. ఈ కట్టే పనిని చిటికి కట్టడం అంటారు. నేసేటప్పుడు ఆ రంగు ముక్కలన్నీ సరిగ్గా ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చుంటేనే డిజైన్ తేలుతుంది.

కట్లు కట్టడానికి ముందు ఆసు పోయడం అనే ఇంకో పని ఉంది. నూలుని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పడం. ఒక్క చీరకి చెయ్యి కొన్ని వేలసార్లు ఆడాలి. ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళే చేస్తారు, భుజాలు పడిపోతాయి. అమ్మ పడే ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే లక్ష్మి అని పెట్టారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆయన మీద సినిమా కూడా చూసే ఉంటారు.

ఇంత పని జరిగేది ఒక్క పోచంపల్లిలోనే కాదు. పుట్టపాక, కొయ్యలగూడెం, చౌటుప్పల్, ఆ చుట్టుపక్కల ఇంకా ఎన్నో ఊళ్ళలో మగ్గాలున్నాయి. వాటన్నిటి తరఫునా పోచంపల్లి అనే ఒక్క మాట సంతలో నిలబడుతుంది. అంటే ఇక్కడ కూడా పేరు ఊరు దాటి కొంచెం సాగింది. కానీ ఆ సాగడం పని తెలిసినవాళ్ళ మధ్యే జరిగింది. యంత్రం మీద నిమిషాల్లో అచ్చేసిన పాలిస్టర్ దాకా సాగడం వేరే సంగతి.

దీనికి చట్టం కూడా ఉంది. భౌగోళిక గుర్తింపు, మనం జీఐ అని పిలుచుకునేది. 1999లో చట్టం చేశారు, 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. దేశంలో మొదటి జీఐ డార్జిలింగ్ టీకి దక్కింది. దాని వెనకే, మొదటి నాలుగైదు నమోదుల్లోనే పోచంపల్లి ఇక్కత్ ఉంది. ఆ తర్వాత తిరుపతి లడ్డు, హైదరాబాద్ హలీం, గద్వాల చీర, బంగినపల్లి మామిడి, బందరు లడ్డు అలా వరసగా వచ్చాయి. వ్యాకరణం వైపు నుంచి చూస్తే ఈ చట్టం చేసే పని ఒక్కటే: ఊరి పేరు విశేషణంగా వాడితే దాని అర్థం లాంటిది కాదు, అక్కడిదే అని గీత గీయడం.

అలాగని ప్రతి ఊరి పేరుకీ కంచె వేయాలని నేను అనను. నెల్లూరు చేపల పులుసు నాగపూర్‌లో వండుకోండి, నెల్లూరుకి పోయేదేమీ లేదు. ఒక వంట పద్ధతి ఊరు దాటింది, అంతే. మైసూర్ బజ్జీ వల్ల మైసూరులో ఎవరి పొయ్యీ ఆరలేదు. నేను చూసే కొలత ఇది: ఆ పేరు మీద బతుకుతున్నవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారా? ఉంటే, ఆ పేరు వాళ్ళ సొత్తు. అడక్కుండా తీసుకోకూడదు.

మీరు ఈసారి చీర కొనేటప్పుడు ఒక పని చేయండి. కొంగు తిప్పి వెనకవైపు చూడండి. పోగుకే రంగు పట్టింది కాబట్టి ఇక్కత్‌కి ముందూ వెనకా దాదాపు ఒకేలా ఉంటుంది. గళ్ళ అంచులు గీత గీసినట్టు కాకుండా కాస్త చెదిరినట్టు, ఈక అంచులా ఉంటాయి. అచ్చు వేసినదానికి సాధారణంగా వెనకవైపు వెలిసినట్టుంటుంది. తక్కువ ధరకి అచ్చు చీర కొనుక్కోవడం తప్పు కాదు. దాన్ని పోచంపల్లి అని అమ్మడమే తప్పు.

వస్తువు సరే, మనిషి?

ఇప్పటిదాకా వస్తువుల గురించి మాట్లాడాం. మనిషి ముందు ఊరి పేరు పెడితే ఏమవుతుంది?

చాలా పాత పద్ధతి ఇంటిపేరు. కందుకూరి, వేటూరి, నండూరి, ముట్నూరి. వీటి చివర ఉన్న రి చూశారా? ఊరు ఊరి అయింది. ఇందాక చెప్పుకున్న ఔపవిభక్తికమే. మాట్లాడేటప్పుడు గుంటూరు మిర్చి అని మార్చకుండా వదిలేస్తున్నాం గానీ, ఇంటిపేర్లు మాత్రం ఆ పాత రూపాన్ని భద్రంగా దాచుకున్నాయి. కందుకూరి వీరేశలింగం 1848లో పుట్టింది రాజమండ్రిలో. కందుకూరు ఆయన పూర్వీకుల ఊరు. ఆలోచించండి, కందుకూరులో ఉన్నంతకాలం ఎవరినైనా కందుకూరివాళ్ళు అని పిలవాల్సిన పనేముంది? అక్కడ అందరూ ఆ ఊరివాళ్ళే. ఊరు వదిలాకే ఊరి పేరు ఇంటిపేరవుతుంది. ఊరి పేరు విశేషణం అయ్యేది ఎక్కువగా ఊరి బయటే.

ఇందులో ఎవరికీ బాధ లేదు. వీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారో చెబుతుంది, ఎలాంటివాళ్ళో చెప్పదు. బాధ మొదలయ్యేది ఎక్కణ్ణుంచి అనేది ఎలాంటి అయినప్పుడే.

ఉత్తరాదిలో ఉద్యోగం చేసిన మనవాళ్ళందరికీ మద్రాసీ అనే పిలుపు అనుభవమే. తెలుగైనా, తమిళమైనా, కన్నడమైనా, మలయాళమైనా ఒకే పేరు. అందులో తోక గమనించండి: ఈ. ఇది మద్రాసు నుంచి వచ్చినవాడు అని చెప్పడం లేదు. ఒక రకం మనిషి అని చెబుతోంది: ఇడ్లీ సాంబారు తింటాడు, హిందీ రాదు, లెక్కలు బాగా చేస్తాడు. మనిషిని చూడకముందే ఫారం నింపేశారు.

పక్కవాళ్ళని అనడం తేలిక. మనం చేసేది కూడా చూసుకుందాం. సీమ అనే మాట తీసుకోండి. ఒకప్పుడు ఆ ప్రాంతం పేరు దత్తమండలాలు. 1800లో నిజాం ఆ జిల్లాల్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు కాబట్టి ఆ పేరు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని రోజూ గుర్తు చేసే విశేషణం అది. అక్కడివాళ్ళకి అది నచ్చలేదు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అనే పేరు సూచించారు, అది నిలబడింది. ఒక ప్రాంతం తన మీద పడిన విశేషణాన్ని తీసి పక్కన పెట్టి, తనకి గౌరవంగా తోచినదాన్ని ఎంచుకుంది. ఇది చిన్న విషయం కాదు.

మరి మనం ఆ పేరుని ఏం చేశాం? పాతికేళ్ళుగా సినిమాల్లో సీమ బిడ్డ, సీమ పౌరుషం అంటూ సుమోలు గాల్లోకి లేపి, కత్తులు తిప్పి, బాంబులు వేశాం. ఇప్పుడు సీమ అంటే ఒక ప్రాంతం కాదు, ఒక రకం మనిషి. నాతో పనిచేసే కడప అమ్మాయి ఒకసారి చెప్పింది: కొత్త ఆఫీసులో చేరిన ప్రతిసారీ మొదటి వారంలో ఎవరో ఒకరు, మీ ఇంట్లో బాంబులుంటాయా అని అడుగుతారట. నవ్వుతూనే అడుగుతారు. ఆమె కూడా నవ్వుతూనే జవాబు చెబుతుంది. కానీ ఆ నవ్వు ప్రతిసారీ ఆమే తెచ్చిపెట్టుకోవాలి. గోదారోళ్ళ మర్యాద, గోదారోళ్ళ వెటకారం అని మెచ్చుకున్నా జరిగేది ఇదే. మర్యాద తక్కువైతే, మీరు గోదావరి జిల్లా వాళ్ళేనా అని ఆశ్చర్యపోతాం. పొగడ్త కూడా ఫారం నింపేయడమే.

అలాగని మనుషుల విషయంలో ఎక్కణ్ణుంచి అనే ప్రశ్నే అడగొద్దా? అడగాల్సిన సందర్భాలున్నాయి. హైదరాబాద్ సంస్థానంలో 1919 ఫర్మానా ప్రకారం 15 ఏళ్ళు అక్కడ స్థిరంగా ఉన్నవాళ్ళు ముల్కీలు, కానివాళ్ళు గైర్ ముల్కీలు. ముల్క్ అంటే దేశం, నేల. స్థానికుల ఉద్యోగాలు స్థానికులకే దక్కాలని ఆ నియమం. 1952లో ఆ మాట మీదే హైదరాబాద్ విద్యార్థులు రోడ్డెక్కారు, కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 1972లో ఆ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అన్నాక రెండో వైపు జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల్లో స్థానిక అభ్యర్థి అనే మాటకి లెక్క రాశారు: ప్రధానంగా వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారు అని. ఎవరి వాదం ఏదైనా, ఒకటి గమనించండి. ఈ నియమాలన్నీ అడిగేది ఎక్కణ్ణుంచి, ఎన్నేళ్ళ నుంచి అని. ఎలాంటివాడు అని కాదు. పోచంపల్లి నేతకారుడి హక్కు లాంటిదే ఇదీ, బతుకుతెరువుకి సంబంధించినది. అది అడగడంలో తప్పు లేదు. ఆ వేడిలో రెండు వైపులా ఒకరినొకరు ఫలానా ప్రాంతంవాళ్ళంటేనే ఇంత అని అనుకున్న మాటలున్నాయే, అవి మాత్రం చట్టంలోవి కావు. మనం కలిపినవి.

ఒకే జారుడు, రెండు దెబ్బలు

ఇప్పుడు అన్నీ పక్కపక్కన పెడితే నాకు తేలింది ఇది. ఊరి పేరు విశేషణం అయినప్పుడు అక్కడిది నుంచి అలాంటిది వైపు జారుతూ ఉంటుంది. అది మాట నైజం, ఆపలేం. చాలాసార్లు ఆ జారుడు ముచ్చటగానే ఉంటుంది. బొంబాయి రవ్వ ఉప్మా తిని ఎవరూ నష్టపోలేదు. కానీ రెండు చోట్ల మాత్రం దాన్ని పట్టించుకోవాలి. చేతిపని మీద బతికే ఊరి విషయంలో, అక్కడిది కాస్తా అలాంటిది అయితే, అది దొంగతనం. మనిషి విషయంలో, అక్కడివాడు కాస్తా అలాంటివాడు అయితే, అది అవమానం. మొదటిచోట తరహా అనే మాట చేర్చి నిజం చెప్పాలి. రెండోచోట ఎక్కణ్ణుంచి అని అడిగి అక్కడితో ఆగాలి.

ఈ ఆగడం మన భాషకి కొత్తేమీ కాదు. మీదే ఊరండీ అని అడిగితే మనం ఏమంటాం? నేను తెనాలీయుణ్ణి అనం. మాది తెనాలి అంటాం. మాది వరంగల్, మాది ప్రొద్దుటూరు, మాది సోంపేట. ఆ వాక్యంలో మన ముందు ఏ విశేషణమూ లేదు. ఊరే మనది అయింది, మనం ఊరికి నమూనా కాలేదు. అడిగినవాళ్ళు కూడా అంతవరకే తెలుసుకోవాలి. మిగతాది, అంటే మనం ఎలాంటివాళ్ళమో, మనతో నాలుగు రోజులు మాట్లాడితే తెలుస్తుంది.

వచ్చే వారం ఇంకో మాటతో కలుద్దాం. ఈలోపు మీ ఊరి పేరు ఏ వస్తువు ముందు చేరిందో, అది ఇప్పటికీ మీ ఊళ్ళోనే తయారవుతోందో లేదో ఒకసారి కనుక్కోండి.